కట్టుగుడ్డ మీద బొమ్మ

పుత్తూరులో రైలు దిగేవాళ్ళలో సగంమంది
ఒక చేత్తో ఇంకో చేతిని
పక్కింటోళ్ళ చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు
పదిలంగా మోసుకొస్తారు.
ఆటోవాడు యాడికని అడగడు.
మా వాకిట్లోనే దించుతాడు.

నా పని గుడ్డ చించడం, గుడ్డుసొన గిలకొట్టడం,
వెదురుబద్దలు నున్నగా చెక్కడం.
ఎముక పట్టేది మాత్రం చెంగల్రాజు తాత.

పొద్దుగూకినాక వచ్చినోళ్ళకి కట్టు తెల్లారే.
రాత్రికి తువాలుతో చెయ్యి మెడకి తగిలించుకోని
వరండాలో పడుకోవాల.
బిడ్డలకి నిద్ర యాడ పడుతుంది?
ఒకడు మొదలుపెడితే చాలు, ఏడుపు
వీధికుక్కల అరుపు మాదిరి చివరిదాకా పాకుతుంది.

అందుకే తిరుపతిలో మూసేసిన ట్యూషన్ సెంటరు నుంచి
పాత ప్రొజెక్టరు ఒకటి బేరమాడి తెచ్చినా.
తెర లేదు.
రేపు చించాల్సిన గాడాగుడ్డ విప్పి
గోడకి నాలుగు మేకులు కొట్టినా.

బొమ్మ ఎప్పటిదో. మాటల్లేవు, రంగుల్లేవు.
బక్కోడొకడు నిచ్చెన మోసుకుంటా తిరుగుతాడు.
వాడు ఎటు తిరిగితే అటు ఒక పోలీసు పడతాడు,
లేస్తాడు, టోపీ దులుపుకుంటాడు,
మళ్ళా పడతాడు.

ఒక్కరూ నవ్వలేదు.
పడడమంటే ఏందో వాళ్ళకి
ఈ పొద్దే తెలిసింది కద.

నారాయణవనం మునిలచ్చిమి, మామిడిచెట్టు, మోచెయ్యి.
కార్వేటినగరం కవలల్లో పెద్దోడు, చిన్నోడు తోస్తే, మణికట్టు.
(చిన్నోడు కూడా వచ్చినాడు, వానికేం కాలేదు,
అందరికన్నా ఎక్కువ ఏడ్చింది వాడే.)
తిరుత్తణి వేలన్, సైకిలు, మెడకింద ఎముక.
వానికి తెలుగు రాదు.

"వానికి కట్టు ఎవరు కట్టినారు?"
మునిలచ్చిమి అడిగింది.
ఎవరూ కట్టలేదు పాపా, అది సినిమా అన్నా.
"మరి లేచినాడే?"

అప్పుడొచ్చింది సున్నం బకెట్టు.
బక్కోడు అందులో కాలు పెట్టినాడు. కాలు రాలేదు.
దాన్ని లాగడానికి రెండోది కూడా పెట్టినాడు.

వేలన్ కిసుక్కుమన్నాడు.
నవ్వితే ఎముక లాగింది. అయ్యో అన్నాడు,
ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే,
అని మళ్ళా నవ్వినాడు.
ఇంక ఆగలేదు. పాకింది.
"కదలొద్దండ్రా, ఎముక జరుగుతుంది" అని కసురుకుంటానే
తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నులకమంచం మీద చెంగల్రాజు తాత.
నలభై ఏండ్లుగా పడినోళ్ళనే చూసినాడు గానీ
పడేటప్పుడు ఒక్కర్నీ చూడలేదు ఆయన.
అద్దాలు తుడుచుకోని గుడ్డ దగ్గరికొచ్చి నిలబడినాడు.
"ఆపు. వెనక్కి తిప్పు. ఆ పడేది మళ్ళా ఎయ్."
మూడుసార్లు వేయించినాడు.
"చూడు, చెయ్యి ఆన్చలేదు వాడు.
భుజం ముడుచుకోని దొర్లినాడు.
దొంగసచ్చినోడు,
నాకు ఒక్క ఎముకా మిగల్చలేదు!"
ఆ తర్వాత వచ్చిన శబ్దం దగ్గనుకోని
చెంబుతో నీళ్ళు తెచ్చినా.
నవ్వంట.

తెల్లారి గుడ్డ దించి జానెడు వెడల్పున చింపుతా ఉంటే
మునిలచ్చిమి ముందుకొచ్చి నిలబడింది.
"నాకు బకెట్టు ఉండే ముక్క."
తిరగేసి, మరగేసి, ఎండకి పట్టి,
నిజంగానే ఎతికినా నేను.
నడిమధ్యలోది తీసి సొనలో ముంచి ఇచ్చినా.

తాత ఆకుపసరు పూసి, బద్దలు పెట్టి,
చుట్టి, ముడేసి, నిదానంగా చెప్పినాడు:
"ఈడ ఉండాడు వాడు. నెల దాకా కదిలించొద్దు.
లేస్తే మళ్ళా పడతాడు."

ఆటోలో కూర్చోని ఆ పిల్ల
తల వంచి, చెవి కట్టుకి ఆన్చి వింటా ఉంది.
మాటల్లేని బొమ్మ అని
నేనేం గుర్తుచేయలేదు.